జోగినుల పునరావాసం

దేవత పేరిట లైంగిక దోపిడీకి గురైన స్త్రీలను భయం నుంచి, అవమానం నుంచి బయటికి తెచ్చి సొంత కాళ్ల మీద నిలబెట్టే కృషి. తెలుగునాట దీనికి ముందు గుర్తొచ్చే పేరు హేమలతా లవణం (1932–2008). ఈమె కవి గుర్రం జాషువా కుమార్తె, నాస్తికోద్యమ నేత గోరా కోడలు.

నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ, కర్నూలు, అనంతపురం వైపు బసివి: పేర్లు వేరైనా ఆచారం ఇంచుమించు ఒకటే. ఎక్కువగా మాల, మాదిగ ఆడపిల్లలను ఎల్లమ్మకో పోచమ్మకో ముడిపెట్టేవారు. ఆ తర్వాత ఆ పిల్ల ఊళ్లో పెత్తందార్ల సొత్తు. జాతరలోనూ, చావు ఊరేగింపులోనూ ఆడాల్సింది ఆమే. పుట్టిన బిడ్డకు తండ్రి పేరు ఉండదు. కులం చేసిన గాయాన్నీ, శరీరానికి తగిలిన గాయాన్నీ ఇక్కడ విడదీసి చూడలేం.

చిత్తూరు, కర్నూలు, అనంతపురం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండటంతో 1947 నాటి దేవదాసీ నిరోధక చట్టం వీటికి వర్తించింది. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెలకు అది చేరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వర్తించే చట్టం 1988లో గానీ రాలేదు.

హేమలత, లవణం దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లాలో పనిచేశారు. వర్నిలో నెలకొన్న ఆశ్రయానికి పెట్టిన పేరు చెల్లి నిలయం. ఊరంతా ఏ వరసా లేనిదిగా చూసిన స్త్రీని ‘చెల్లీ’ అని పిలవడమే అక్కడి చికిత్సలో మొదటి మెట్టు అనవచ్చు. అప్పటి గవర్నర్ కుముద్‌బెన్ జోషి ఈ ఉద్యమానికి అండగా నిలిచారు. జోగినులకు పెళ్లిళ్లు కూడా జరిపించారు. అయితే పెళ్లి ఒక్కటే పునరావాసం కాదు. భూమి, కూలి, పిల్లల చదువు లేని ఇల్లాలికి పాత పెత్తనం నుంచి విడుదల అరకొరే.

సామాజిక వివక్ష, లైంగిక హింస కలిసిన ఈ జంట గాయాన్ని మనస్తత్వ శాస్త్రం ఆలస్యంగా పట్టించుకుంది. అమెరికాలోని పెపర్‌డైన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు, 2023లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలు తీమా బ్రయంట్, కార్లోటా ఒకాంపోతో కలిసి 2005లో రాసిన వ్యాసంలో జాత్యహంకార ఘటనల దెబ్బను అత్యాచారం, గృహహింసల దెబ్బతో పోల్చి చూపారు. బాధితురాలి సమాజాన్నీ, విశ్వాసాన్నీ పక్కనబెట్టి ఆమెకు చికిత్స చేయలేమన్నది బ్రయంట్ పనిలో ముఖ్యాంశం. జోగిని విషయంలో మాత్రం ఆ విశ్వాసమే సంకెల కూడా.

ఆచారం ఇంకా పూర్తిగా పోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు 80,000 మంది ఇలాంటి స్త్రీలు ఉన్నారని, వారి స్థితిగతులను పరిశీలించిన రఘునాథరావు కమిషన్ అంచనా వేసింది.