తగాదా

చిల్లర జగడాన్ని మనం తగాదా అంటాము. గట్టు తగాదా, కుళాయి తగాదా, తోడికోడళ్ళ తగాదా. పెద్ద సంగతులకు వివాదమనీ, యుద్ధమనీ వేరే మాటలున్నాయి. తగాదా అన్నామంటే అందులో విచారించవలసినది ఏమీ లేదని ముందే తీర్పు చెప్పేశామన్నమాట. ఈ మాట పుట్టుక చూస్తే ఆ తీర్పు అంత తేలికగా చెప్పబుద్ధి కాదు.

వినగానే ఇది తగవుకు చుట్టమనిపిస్తుంది. కాదు. తగవు ‘తగు’ నుంచి వచ్చిన తెలుగు మాట. ప్రాచీన కావ్యాలలో దానికి న్యాయము, ఔచిత్యము అని అర్థం. న్యాయం చెప్పేవాడు తగవరి. న్యాయానికి పేరైన మాటే క్రమంగా న్యాయం కోరివచ్చినవారి కలహానికి పేరైంది. రచ్చ గతీ అంతే. ఊరివారు కూడి మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటు రచ్చ. నేడు రచ్చ చేయడమంటే అల్లరి చేయడం!

తగాదా మాత్రం కచేరీ గుమ్మం గుండా వచ్చింది. అరబ్బీలో పుట్టి, పారశీకంలో తకాజా అయి, మనదాకా వచ్చింది. రావలసిన బాకీ చెల్లించమని అడగడం దాని అర్థం. ఖాజీ అన్న మాటదీ అదే ధాతువు. బాకీ, కిస్తు, వసూలు, జప్తు, ఫిర్యాదు, రాజీ, అన్నీ ఈ గుంపులోనివే. ఇటువంటి మాటలు ఎంతగా పెరిగాయంటే, బ్రౌను దొర 1854లో వాటికోసం విడిగా మిశ్రభాషా నిఘంటువే అచ్చువేయించాడు.

మరాఠీలో ‘తగాదా లావణే’ అంటే నేటికీ బాకీకోసం వెంటబడడమే. బెంగాలీలోనూ తాగాదా అంటే చెల్లించమని తొందరపెట్టడమే. తెలుగులో అది పోట్లాట అయింది, కన్నడంలో అభ్యంతరం, పేచీ అయింది. ఎందుకని? తగవుతో ధ్వనిసామ్యం కొంత తోడ్పడి ఉండవచ్చు, కాదనను. కాని అంతటితో సరిపోదు. షావుకారు చిట్టాలో అది వసూలు. అతడు గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అడిగినప్పుడు రైతు ఇంటికి అది పోట్లాట. తెలుగులో నిలిచినది రైతు విన్న అర్థమని నా అభిప్రాయం.

అడిగేవాడు మారిన సందర్భాలూ ఉన్నాయి. 1875 మే 12న పూనా జిల్లా సూపాలో రైతులు వడ్డీవ్యాపారుల మీద పడి అప్పుపత్రాలు అడిగి తీసుకుని తగలబెట్టారు. సర్కారు దానిని ‘దక్కను అల్లర్లు’ అని రాసుకుంది. 1946–51 తెలంగాణా పోరాటంలోనూ పల్లెల్లో అప్పుపత్రాలు కాలాయి.

ఇక మాట బొత్తిగా చిల్లరపడిపోయిన తరువాతి సంగతి. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 16న, తాము తాగే చెరువునీళ్ళు పాడుచేయవద్దని మాదిగవాడవారు అడిగారు. ‘నీళ్ళ దగ్గర తగాదా’ అని తేల్చినవారికి తెలియకపోయినా, ఆ మాట పాత అర్థంలో అక్కడ సరిగ్గా సరిపోతుంది: రావలసినదే అడిగారు. మరునాడు భూస్వాముల మూక వాడమీద పడింది. ఆరుగురు హతులయ్యారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు.