తల ఉండాల్సిన చోట తామర

బద్వేలులో బస్సెక్కి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటితే కర్నూలు. దారిలో ఆళ్లగడ్డ శిల్పులు ఇవాళ్టికీ గుళ్లకూ కూడళ్లకూ విగ్రహాలు చెక్కుతున్నారు. కన్నూ ముక్కూ కొలతగా తీర్చే పని అది. కర్నూలు దాటి తుంగభద్ర అవతల అలంపురం చేరితే, అసలు ముఖమే అక్కర్లేదనుకున్న ఒక పాతకాలపు శిల్పి పని కనిపిస్తుంది.

అక్కడి మ్యూజియంలోని ఆ స్త్రీమూర్తికి తల లేదు. విరిగిపోయి కాదు, చెక్కినప్పుడే లేదు. ఆ చోట విచ్చుకున్న తామర పువ్వు ఉంది. మోకాళ్లు మడిచి, తొడలు ఎడం చేసి, అరికాళ్లు పైకి తిప్పిన ఒళ్లు. కాన్పులు చేసిన మంత్రసానికి ఆ భంగిమను ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. బాదామి చాళుక్యులు అక్కడ నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన కాలపు శిల్పమిది. పండితులు లజ్జాగౌరి అంటారు. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్లకు ఆమె అమ్మవారు.

అలంపురం మూర్తి కంటే పాతది ఒకటి నాగార్జునకొండలో ఉంది. పైభాగం పోయింది గానీ ప్రాకృత శాసనం మిగిలింది. ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుడి రాణి ఖండువుల చేయించిందట. తనను తాను ముత్తైదువగా, బతికున్న బిడ్డల తల్లిగా చెప్పుకుంది. పురిట్లో తల్లో బిడ్డో దక్కని రోజుల్లో ఒక రాణి రాతిమీద రాయించుకోదలచిన మాటలు అవీ!

కళాచరిత్రకారిణి కరోల్ బోలన్ 1992లో తన పుస్తకంలో ఈ మూర్తులను నాలుగు రకాలు చేసింది. మొదటిది ఉత్త కుండ, మూతిలో తామర: మన పూర్ణకుంభమే. రెండోదానికి చేతులుండవు. మూడోదానికి చేతులుంటాయి, తల మాత్రం తామరే. నాలుగోదానికే మనిషి ముఖం. ఈ భంగిమ ప్రసవానిదేనని మరో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో రాసింది. అందరూ ఒప్పుకోలేదు, సృష్టికి సిద్ధమైన దేహమన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా, శిల్పి పట్టుకున్నది మనిషి రూపురేఖల్ని కాదు, మనసు ఆజ్ఞ లేకుండా ఒళ్లు తనంతట తాను చేసుకుపోయే పనిని. నొప్పి అలలా వచ్చి తగ్గి మళ్లీ వచ్చే వేళ రాణికీ కూలికీ తేడా ఉండదు. ముఖం తీసేయడానికి అంతకంటే కారణమేం కావాలి?

1915లో శిల్పి బ్రాంకుషీ అప్పుడే పుట్టిన బిడ్డను కోడిగుడ్డు లాంటి నున్నటి రూపంగా కుదించినప్పుడు, ఆధునిక శిల్పం కొత్త దారి తొక్కిందన్నారు. కుండనూ తామరనూ కలిపి తల్లిని చెక్కినవాళ్లు ఆ దారిన వెయ్యేళ్లకు ముందే నడిచారు. వాళ్ల పేర్లు మనకు దక్కలేదు.

లజ్జాగౌరి అన్న పేరు మాత్రం ఆమెకు అతకలేదు. ఆ రాతిలో లజ్జ ఎక్కడా లేదు. అలంపురంలో జోగులాంబ అమ్మవారి దర్శనానికి వెళ్లేవాళ్లు పక్కనే ఉన్న మ్యూజియంలోకీ ఒకసారి వెళ్లి, ఆమె ముందు కాసేపు నిలబడండి.