మత్తు దిగాక చదువు వస్తుందా?

పుట్టపర్తి పక్కన ప్రశాంతిగ్రామంలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. అప్పటి నుంచీ అక్కడ పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. పుట్టుకతోనే గుండెకు చిల్లు పడిన పిల్లలకూ చేస్తున్నారు. అలాంటి ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, అంతసేపూ బిడ్డ మత్తులోనే ఉండాలి. ప్రాణభయం తీరాక ఏ తల్లికైనా వచ్చే రెండో సందేహం ఒకటుంది: ఇంత మత్తు ఎక్కించాక బిడ్డ బుర్ర చురుగ్గా ఉంటుందా, చదువు వంటబడుతుందా? చదువురాని తల్లి భయమని దాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రయోగశాలలో ఎలుకలు లేవనెత్తిందీ ఇదే ప్రశ్న. అయితే జంతువు ఇచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవాలంటే ముందు హైదరాబాదుకు వెళ్లాలి.

క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చినప్పుడు మనిషి ప్రాణం ఊపిరి ఆగి పోతోందా, గుండె ఆగి పోతోందా అన్నది 19వ శతాబ్దపు వైద్యులను కుదిపేసిన వివాదం. ఊపిరి ఆగడం వల్లేనని హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ గట్టిగా నమ్మారు. 1888లో వీధికుక్కల మీద ప్రయోగాలు చేయించి, తన మాటే నిజమని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, ఆ పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను 1889లో రప్పించారు. కుక్కలు, కోతులు, మేకలు, ఇలా వందలాది జంతువులకు మత్తిచ్చి చూశారు. మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ కృషిలో పాలుపంచుకున్నారు. ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని హైదరాబాదు క్లోరోఫాం కమిషన్‌గా పేరుపడ్డ ఆ బృందం తీర్పిచ్చింది. కానీ 1911లో వైద్యుడు ఎ.జి.లెవీ పిల్లులకు క్లోరోఫాం పలచగా ఇచ్చి చూస్తే, గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోయింది. హైదరాబాదులో చూసింది అబద్ధం కాదు. మోతాదు మించితే ఊపిరే ముందు ఆగుతుంది. అయితే తక్కువ మోతాదులో పొంచి ఉన్న ప్రమాదం ఆ పద్ధతిలో దొరకలేదు. బతికి బయటపడ్డ జంతువు ఆ తర్వాత ఏం నేర్చుకోగలదన్న ఆలోచనైతే ఆ కమిషన్ పనిలోనే లేదు.

ఆ ఆలోచనకు పదునైన పరీక్ష 2003లో జరిగింది. అమెరికాలో వెస్నా యెవ్‌టోవిక్-టోడొరోవిక్ బృందం ఏడు రోజుల ఎలుక పిల్లలకు మిడజోలాం, నైట్రస్ ఆక్సైడ్, ఐసోఫ్లురేన్ కలిపి ఆరు గంటలు మత్తిచ్చింది. మెదడులో చాలా చోట్ల కణాలు చనిపోయాయి. ఎలుకలు పెరిగాక వాటిని రిచర్డ్ మోరిస్ రూపొందించిన నీటితొట్టిలో వదిలారు. గుండ్రటి తొట్టి, మసకనీళ్లు, నీటిమట్టానికి కాస్త కింద కంటికి కనపడని చిన్న పీట. మామూలు ఎలుక మొదట గోడల వెంబడి ఈదుతుంది, అనుకోకుండా పీట ఎక్కుతుంది. కొన్ని రోజులకు చుట్టూ ఉన్న గురుతులను బట్టి తిన్నగా పీట దగ్గరికే వెళుతుంది. మత్తు ఎక్కించిన ఎలుకలు ఆ దారి నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. 2011లో వెలువడిన మరో అధ్యయనంలో పసి కోతులకు 24 గంటలు కెటమిన్ ఇస్తే, నేర్చుకోవడంలో లోపం ఏళ్ల తరబడి నిలిచింది. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది: మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పలుమార్లు గానీ మత్తిస్తే ఎదిగే మెదడుకు హాని జరగవచ్చు.

ఎలుక వేరు, మనిషి వేరు అంటారు కొందరు. నిజమే. ఎలుక మెదడు కొద్ది వారాల్లోనే ఎదిగిపోతుంది కాబట్టి దాని ఆరు గంటలు మన ఆరు గంటలతో సమానం కావు. పైగా ఆ ఎలుకలకు జబ్బూ లేదు, ఆపరేషనూ జరగలేదు. పిల్లల మీద జరిగిన పెద్ద పరీక్ష కూడా ఊరటనే ఇచ్చింది. ఏడు దేశాల్లో హెర్నియా ఆపరేషన్ అయిన 722 మంది శిశువుల్లో కొందరికి పూర్తి మత్తు, మిగతావారికి నడుం కింద మాత్రమే తిమ్మిరెక్కే మందు ఇచ్చారు. అయిదేళ్ల వయసులో పరీక్షిస్తే తెలివితేటల్లో తేడా లేదని 2019లో తేల్చారు. కానీ ఆ మత్తు సుమారు గంటలోపుది. దాన్ని బట్టి గంటల తరబడి సాగే గుండె ఆపరేషన్ గురించి తీర్పు చెప్పడం హైదరాబాదు పొరపాటును తిరగేసి చేయడమే అవుతుంది. పలుమార్లు మత్తు తీసుకున్న పిల్లల్లో మొత్తం తెలివితేటలు తగ్గకపోయినా, చేతివేళ్ల పనితనంలో, గ్రహించే వేగంలో కొద్దిపాటి తగ్గుదల 2018లో అమెరికాలోని మేయో క్లినిక్ అధ్యయనంలో కనిపించింది.

మరైతే మత్తు తగ్గించేస్తే పోదా? ఆ దారీ తొక్కి చూశారు. పసికందులకు నొప్పి తెలియదన్న నమ్మకంతో 1980ల దాకా చాలాచోట్ల అరకొర మత్తుతోనే కోసేవారు. అలా గుండె దగ్గరి నాళాన్ని ముడివేసిన శిశువుల ఒంట్లో ఎంత అలజడి రేగుతుందో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో చూపించింది. నొప్పి మందు సరిగా ఇచ్చిన బిడ్డలకు ఆపరేషన్ తర్వాత చిక్కులు తక్కువగా వచ్చాయి. ఇక ఆపరేషన్ మానేస్తే, లేదా వాయిదా మీద వాయిదా వేస్తే, రక్తంలో ఆక్సిజన్ చాలని బిడ్డ మెదడుకు ఆ కొరతే పెద్ద దెబ్బ. కాబట్టి ఎలుకల సాక్ష్యం పనికొచ్చేది ఆగదగిన చోట. కొన్నాళ్లు ఆగినా నష్టం లేని చిన్న ఆపరేషన్‌ను బిడ్డకు మూడేళ్లు నిండేదాకా వాయిదా వేయవచ్చా, రెండుసార్లు ఇచ్చే మత్తును ఒక్కసారితో సరిపెట్టవచ్చా అని మత్తు డాక్టరును అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

ఇంతవరకు మనకున్న ఆధారాల్లో ఒక పెద్ద లోటుంది. హెర్నియా పరీక్ష జరిగిన ఆ ఏడు దేశాల్లో భారత్ లేదు. రక్తహీనతతో, తక్కువ బరువుతో పుట్టి, వానలు కరువైన అనంతపురం ప్రాంతపు పల్లెల్లో పెరిగే బిడ్డ ఆ లెక్కల్లోకి రాలేదు. గుండె బాగై ఊరికి వెళ్లిన పిల్లలు మూడో తరగతిలో ఎలా చదువుతున్నారో, ఎక్కాలు ఎంత వేగంగా అప్పజెబుతున్నారో పక్కింటి పిల్లలతో పోల్చి ఏళ్ల తరబడి చూడాలి. ఆ పనికి మూడు దశాబ్దాలుగా పిల్లల గుండెలు బాగుచేస్తున్న పుట్టపర్తి కన్నా తగిన చోటు ఎక్కడుంది?