బేరియాట్రిక్ శస్త్రచికిత్స: జీవక్రియ, రక్తనాళాలపై ప్రభావం

బరువు తగ్గించడానికి జీర్ణాశయాన్ని కుదించే, చిన్నపేగు దారి మళ్లించే ఆపరేషన్లను బేరియాట్రిక్ శస్త్రచికిత్స అంటారు. జీవక్రియ శస్త్రచికిత్స అన్న పేరు వీటికి తర్వాత వచ్చింది. లావు తగ్గించే వైద్యంగా మొదలై షుగరుకు, గుండెకు వైద్యమైన తీరు ఈ పేరు మార్పులోనే ఉంది.

1954లో అమెరికాలోని మినెసోటాలో క్రెమెన్, లిన్నర్ బృందం చిన్నపేగులో చాలా భాగాన్ని ఆహారం దారి నుంచి తప్పించే పద్ధతిని వెల్లడించింది. బరువు తగ్గేది గానీ, ఎడతెగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కాలేయ వైఫల్యం వచ్చిపడేవి. ఆ పద్ధతిని చివరికి వదిలేశారు. అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీయించుకున్నవారు మళ్లీ ఒళ్లు చేయకపోవడం గమనించిన ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటోతో కలిసి 1967లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రకటించారు.

రక్తనాళాల కథ మాత్రం బరువుతో సంబంధం లేకుండా మొదలైంది. మినెసోటా విశ్వవిద్యాలయంలో హెన్రీ బుక్‌వాల్డ్ 1963లో కొలెస్టరాల్ తగ్గించడానికే చిన్నపేగు చివరి భాగాన్ని బైపాస్ చేశారు. పైత్యరస ఆమ్లాలు తిరిగి ఒంట్లోకి చేరేది అక్కడే. ఆ దారి మూసుకుపోతే కాలేయం కొత్త ఆమ్లాల తయారీకి రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన 838 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 1990లో వచ్చాయి. ఆపరేషన్ అయినవారిలో చెడు కొలెస్టరాల్ దాదాపు 38 శాతం, గుండెజబ్బు మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు కలిపి 35 శాతం తక్కువ. కొలెస్టరాల్‌ను దించితే గుండె నిలుస్తుందనడానికి స్టాటిన్ మందుల పెద్ద పరీక్షల కన్నా ముందే దొరికిన గట్టి రుజువిది. దీనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

1995లో నార్త్ కరోలినాకు చెందిన వాల్టర్ పోరీస్ బృందం మరో విశేషం చెప్పింది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న 146 మంది మధుమేహ రోగుల్లో 121 మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. అదీ బరువు తగ్గకముందే, రోజుల్లోనే! ఆహారం పేగు దిగువ భాగానికి త్వరగా చేరితే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు ఎక్కువగా ఊరి, ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతాయి. పైత్యరస ఆమ్లాలు, పేగులోని సూక్ష్మజీవులు కూడా మారతాయి. ఒంట్లో వాపు లక్షణాలు తగ్గేకొద్దీ రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను మెరుగ్గా విడుదల చేస్తుంది. నాళాలు సులువుగా విప్పారతాయి, బీపీ దిగుతుంది.

దీర్ఘకాలపు లెక్క స్వీడన్ ఇచ్చింది. లార్స్ షోస్ట్రోమ్ నాయకత్వంలో 1987లో మొదలైన అధ్యయనం 2,010 మంది ఆపరేషన్ అయినవారిని, 2,037 మంది కానివారిని ఏళ్ల తరబడి పోల్చి చూసింది. 2012 నివేదికలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు మొదటి వర్గంలో 28, రెండో వర్గంలో 49. ఎంత బరువు తగ్గారన్నదానికీ ఈ రక్షణకూ పొంతన కనిపించలేదు. మొదట్లో రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవారికే మేలు ఎక్కువ. ఈ చరిత్రలో అతి ముఖ్యమైన ఫలితం ఇదేనని చెప్పవచ్చు. ఆపరేషన్‌కు మనిషిని ఎంచడంలో బరువొక్కటే కొలమానం కాకూడదని అది తేల్చింది. అయితే షుగరు నుంచి విముక్తి అందరికీ శాశ్వతం కాదు. రెండేళ్లకు 72 శాతం మందిలో ఉన్న ఉపశమనం పదిహేనేళ్లకు 30 శాతానికి జారింది. అయినా కళ్లు, మూత్రపిండాల సన్నని నాళాలకు కలిగే హాని ఆపరేషన్ అయినవారిలో తక్కువగానే ఉంది.

బ్రెజిల్‌లో 2018లో వెలువడిన పరీక్షలో బైపాస్ అయినవారిలో దాదాపు 84 శాతం మంది ఏడాదిలోనే బీపీ మందులను 30 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గించుకోగలిగారు. మందులతోనే వైద్యం పొందినవారిలో అలా తగ్గించుకోగలిగింది 13 శాతం మందే.

2016లో అంతర్జాతీయ మధుమేహ సంఘాలు ఈ శస్త్రచికిత్సను మధుమేహ వైద్యంలో భాగంగా గుర్తించాయి. ఆసియావారికి తక్కువ లావులోనే షుగరు వస్తుంది కాబట్టి బీఎంఐ పరిమితిని రెండున్నర తగ్గించి, మందులకు లొంగని మధుమేహం ఉంటే 27.5 నుంచే పరిశీలించవచ్చన్నాయి. మనవాళ్లకూ వర్తించే అంకె ఇది. బైపాస్ తర్వాత ఇనుము, కాల్షియం, విటమిన్ బి12 జీవితాంతం వేసుకుంటూ, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.