తప్పెట దించిన చోట కీర్తన

అమెరికాలో క్రైస్తవ ర్యాప్, రాక్ సంగీతానికి విస్తారమైన ప్రచారం తెచ్చిన డీసీ టాక్ బృందం తన నాలుగో ఆల్బమ్ ‘జీసస్ ఫ్రీక్’ను 1995 నవంబరు 21న విడుదల చేసింది. 30 ఏళ్లు నిండిన ఆ ఆల్బమ్‌ను తలచుకోవడానికి కడప, కర్నూలు ప్రాంతాల పాఠకులకు తమదైన కారణం ఒకటుంది. వీధిలో పుట్టిన దరువును, పేదల పేటల నోటి మాటను దేవుని మందిరంలోకి తీసుకురావచ్చునా అన్న తగాదా అక్కడ ఆ బృందంలోని ముగ్గురు విద్యార్థుల చుట్టూ రేగడానికి నూరేళ్లకు ముందే ఈ సీమ పల్లెల్లో మరో రూపంలో, మరెన్నో కష్టనష్టాలతో నడిచింది. అక్కడ ర్యాప్, అంటే తాళం తప్పకుండా ప్రాసలతో గబగబా పలికే పాట, కొన్నేళ్లలోనే ఆరాధనలో చోటు సంపాదించుకుంది. ఇక్కడ తప్పెట, అంటే డప్పు, మాత్రం మూడు నాలుగు తరాల పాటు మందిరం గడప బయటే ఉండిపోయింది. సీమ క్రైస్తవ గీతం కథలో అన్నిటికంటె లోతైన ఘట్టం అదే.

కడప సీమకు పాట కొత్త కాదు. పల్లవి, చరణాలతో సంకీర్తనకు రూపు దిద్దిన తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) ఈ నేలవాడే. వేమన పద్యాలు, కందిమల్లాయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మం పేరిట ప్రచారమైన తత్త్వాలు, అంటే గురుబోధను తంబుర మీటుతూ పాడుకునే వేదాంత గీతాలు, అక్షరం రాని వారి నోళ్లలో తరతరాలు నిలిచాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూయిట్ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో ఈ ప్రాంతపు అంచుల దాకా వచ్చారు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రాశాడు, కాని అది పండితుల చేతుల్లో మసలిన గ్రంథం. సి.పి.బ్రౌన్ కొలువు మీద కడపకు వచ్చిన రెండేళ్లకు, 1822లో, లండన్ మిషనరీ సొసైటీ విలియం హోవెల్‌తో ఆ పట్టణంలో కేంద్రం తెరిచింది. 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉన్న కర్నూలుకు మిషన్లు ఆలస్యంగా చేరాయి. 1850లలో ఆంగ్లికన్ల ఎస్.పి.జి. సంస్థ ముత్యాలపాడు, కలసపాడులలోనూ, ఆ తర్వాత నంద్యాలలోనూ వేళ్లూనుకోగా, జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆసుపత్రి, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ బడి, మందిరం వెలిశాయి. ఆ కాలంలో పల్లె సంఘాలు ఏ పూట ఏ పాట పాడాయో చెప్పే ఆధారాలు చాలా తక్కువ. మిషనరీల నివేదికల్లో బాప్తిస్మాల లెక్కలు, కట్టిన బడుల లెక్కలు దొరికినంతగా వరుసలు, తాళాలు దొరకవు.

పుస్తకంలో నిలిచినవి కీర్తనలు. తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్ద దిక్కుగా నిలిచిన పురుషోత్తమ చౌదరి (1803–1890) సీమవాడు కాడు, పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన బ్రాహ్మణుడు. 1833లో క్రైస్తవం స్వీకరించి, ‘నిస్తార రత్నాకరము’ వంటి గ్రంథాలతో పాటు ఎన్నో కీర్తనలు రచించాడు. ఆంగ్ల స్తోత్రాలను వాటి విదేశీ బాణీల్లోనే తెలుగు మాటలతో పాడించడం మిషనరీలకు సులువైన దారి. చౌదరి పల్లవి, అనుపల్లవి, చరణాల పాత తెలుగు చట్రాన్నే తీసుకుని, పరిచిత రాగాల్లో క్రీస్తు స్తుతిని కూర్చాడు. చాలా సంఘాలు నేటికీ వాడుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే ప్రతి కీర్తన నెత్తిన సంఖ్య, దాని పక్కనే రాగం, తాళం అచ్చయి కనిపిస్తాయి. పాట ఎత్తుకునేవాడు ముందు సంఖ్య చెప్పడం, పుస్తకం లేనివారు కూడా ఆ సంఖ్య వినగానే పల్లవి అందుకోవడం పల్లె మందిరాల్లో సర్వసాధారణం. అన్నమయ్య సీమలో ఈ కీర్తన అంత తేలికగా ఇమిడిపోవడంలో ఆశ్చర్యం లేదు, మాట మారినా అది ఎరిగిన అచ్చే గనుక.

అయితే సీమ సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారి చేతిలో అప్పటికే ఒక వాద్యం ఉంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ డప్పు అనే దాన్నే సీమలో తప్పెట అనీ పలక అనీ అంటారు. గుండ్రని కొయ్య చట్రానికి ఒక వైపు మాత్రమే తోలు బిగించి, భుజానికి తగిలించుకుని, కుడి చేతిలో పొట్టి చిర్ర, ఎడమ చేతిలో సన్నని పొడుగు పుల్ల పట్టి వాయిస్తారు. వాయించడానికి ముందు గడ్డి మంట వేసి తోలును కాస్తారు. వేడికి తోలు బిగిసి నాదం నిక్కుతుంది, చల్లబడగానే మొద్దుబారుతుంది, కనుక రాత్రంతా సాగే జాతరలో వాద్యకారులు మధ్యమధ్య మంట దగ్గరకు వచ్చి పోతుంటారు. చిర్ర దెబ్బ నడుమ పడితే గంభీరంగా, పుల్ల దెబ్బ అంచున పడితే చురుగ్గా పలుకుతుంది; ఈ రెండింటి మేళనతోనే పెండ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, అమ్మవారి కొలుపుకు ఒక దరువు పుట్టాయి. దూరాన చేలో ఉన్నవాడు దరువు విని ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పగలిగేవాడు.

అంత సూక్ష్మమైన విద్యను చేతిలో పెట్టుకున్న మనిషి దాన్ని తన ఇష్టానికి వాయించుకునే వీలు లేకపోవడం ఈ కథలోని కష్టం. తప్పెట వాయించడం ప్రధానంగా మాదిగల మీద ఊరు మోపిన వెట్టి, అంటే కూలి అడిగే హక్కు లేని కట్టుబాటు చాకిరి. చచ్చిన పశువును లాగివేయడం, చాటింపు వేయడం, జాతరకు తప్పెట మోయడం అన్నీ ఒకే పద్దు కింద వచ్చేవి.

ఈ పద్దు మొదట తెగిన చోటు కర్నూలు జిల్లా తూర్పు సరిహద్దు. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కార్యక్షేత్రం అప్పట్లో కర్నూలు జిల్లాలో భాగమైన కంభం, మార్కాపురం తాలూకాల దాకా విస్తరించింది. ఆయన రాకకు దారి తీర్చినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన ఈ మాదిగ పెద్ద అంతకుముందే రాజయోగ సంప్రదాయంలో గురుబోధ పొంది, విగ్రహారాధన విడిచిన సాధకుడు. 1866లో బాప్తిస్మం పొంది, భార్య నాగమ్మతో కలిసి తన బంధువర్గంలో బోధ మొదలుపెట్టాడు. తత్త్వాలతో, గురుబోధతో పదునెక్కిన మనసు క్రైస్తవ కీర్తన వైపు తిరగడం పెద్ద మార్పుగా కనిపించవచ్చు గాని, పాట ద్వారా వేదాంతం చెప్పుకునే అలవాటు మాత్రం ఆ పల్లెల్లో అంతకుముందే స్థిరపడి ఉంది. మిషన్ చరిత్రలు క్లౌకు ఇచ్చినంత చోటు పేరయ్యకు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. వినడానికి చిన్నవైన ఈ మూడూ కలిసి ఊరి వెట్టి వ్యవస్థను వేళ్లతో సహా కదిలించాయి. మూడో నియమం ప్రకారం అమ్మవారి జాతరలో తప్పెట వాయించడం కూడా విగ్రహారాధనే కనుక విశ్వాసులు తప్పెటలు దించారు. జాతర ముంచుకొచ్చినా తప్పెటలు రాకపోయేసరికి రెడ్లు, కరణాలు ఆగ్రహించారు. కూలి పనులకు పిలవడం మానేశారు, నీళ్లకు రానివ్వలేదు, కొన్నిచోట్ల దెబ్బలు కూడా తప్పలేదు. అయినా ఆ పల్లెలు మళ్లీ తప్పెట ఎత్తలేదు. తోలు మీద దెబ్బ పడకపోవడమే ఆ రోజుల్లో ఊరు ఊరంతటికీ వినిపించిన తిరుగుబాటు.

1876–78 నాటి ధాత కరువు సీమను, పొరుగు తాలూకాలను కకావికలు చేసినప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపి ఉంచి, కరువు సాయం కోసం వచ్చారన్న మాట రాకుండా చూసి, చివరకు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలిచి ఆ పని పూర్తి చేశారు. అంత పెద్ద సమూహంలో బైబిలు చదవగలిగినవారు బహు కొద్దిమంది. పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, కొన్ని కీర్తనలు కంఠతా పట్టించడమే వారికి అందిన మొదటి చదువు, కనుక తప్పెట ఖాళీ చేసిన చోటును కీర్తన నింపింది.

ఆ నింపడంలో ఒక నష్టమూ ఉంది. వెట్టి నుంచి విముక్తి కోసం దించిన వాద్యం క్రమంగా పాపపు వాద్యంగా మారిపోయింది. ఊరు మోపిన చాకిరీకీ, ఆ చాకిరీ కింద నలిగిన కళకూ తేడా చూడడం తర్వాతి తరాల సంఘ పెద్దలు మరచిపోయారు. మందిరంలోకి హార్మోనియం వచ్చింది, తబలా, డోలక్, తాళాలు వచ్చాయి, రాత్రంతా సాగే క్రైస్తవ భజనలు వచ్చాయి. గడ్డి మంట మీద కాగిన తోలుకు మాత్రం చోటు రాలేదు. తాత ఆత్మగౌరవంతో దించిన తప్పెటను మనవడు సిగ్గుతో చూడవలసి రావడం ఈ సంఘాల చరిత్రలో నిజంగా బాధపడవలసిన విషయం.

డీసీ టాక్ కథ అర్థమయ్యేది ఈ వెలుగులోనే. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్ పేటల్లోని నల్లజాతి, లాటిన్ యువకుల ఆటపాటల నుంచి పుట్టిన ర్యాప్‌ను తెల్లవారి సంప్రదాయ సంఘాలు అనుమానంగానే చూశాయి. 1987లో వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో, ప్రసంగికుడు జెర్రీ ఫాల్వెల్ నెలకొల్పిన లిబర్టీ విశ్వవిద్యాలయంలో టోబీ మెకీహన్, మైకేల్ టేట్, కెవిన్ మాక్స్ కలిశారు. టేట్ నల్లజాతివాడు, మిగిలిన ఇద్దరూ తెల్లవారు. 1989లో తొలి ఆల్బమ్ ర్యాప్‌తోనే వచ్చింది. 1992 నాటి ‘ఫ్రీ ఎట్ లాస్ట్’ బిల్‌బోర్డ్ క్రైస్తవ సంగీత పట్టికలో 34 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1994లో క్లీవ్‌లాండ్‌లో బిల్లీ గ్రాహం సభల యువజన రాత్రి వేదికను వారికి అప్పగించారు. ఆ తరం ప్రసంగికుల్లో అగ్రగణ్యుడైన వృద్ధుడి పక్కన ర్యాప్‌కు పీట వేయడంతో సగం తగాదా తీరినట్టయింది. మరుసటి ఏడాది ‘జీసస్ ఫ్రీక్’లో వారు ర్యాప్‌కు గట్టి గిటార్ల రాక్‌ను జోడించారు, అది సాధారణ సంగీతంతో పోటీపడే బిల్‌బోర్డ్ 200 పట్టికలో 16వ స్థానంలో అడుగుపెట్టింది; 1998లో ‘సూపర్‌నేచురల్’ 4వ స్థానం దాకా వెళ్లింది. 2000 తర్వాత ముగ్గురూ ఎవరి దారిన వారు సొంత పాటలకు మళ్లారు. నల్లవారూ తెల్లవారూ ఒకే వేదిక మీద నిలిచి జాతి భేదాల మీద పాట కట్టడం ఆ బృందం చేసిన పనుల్లో అన్నిటికంటె విలువైనది.

సీమలో క్రైస్తవ గీతం నడక ఇంత వరుసగా సాగలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కడప, జమ్మలమడుగు సంఘాలు అందులో చేరగా, నంద్యాల ఆంగ్లికన్లలో పెద్ద భాగం చాలా ఏళ్లు బయటే ఉండిపోయింది, ఆరాధన పద్ధతులూ పాట వరుసలూ కొంతకాలం వేరుగానే నడిచాయి. 1970లో సీషెల్స్ దీవుల నుంచి ఫెబా క్రైస్తవ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1978లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ వచ్చి, మోదుకూరి జాన్సన్ మాటతో, బాలసుబ్రహ్మణ్యం గొంతుతో క్రైస్తవ గీతాన్ని సినిమా పాట స్థాయికి చేర్చింది. పల్లెల్లో తెర కట్టి ప్రొజెక్టరు మీద వేసిన ఆ చిత్రాన్ని కులమతాలకు అతీతంగా జనం చూశారు. తర్వాత క్యాసెట్లు, వాటితో కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వచ్చాయి. సినిమా బాణీలు మందిరంలోకి వస్తున్నాయని పెద్దలు నొచ్చుకున్నారు, యువకులు వినలేదు.

తప్పెట తిరిగి వచ్చింది మరో దారిన. 1985లో కారంచేడులో దళితులపై జరిగిన దాడి తర్వాత ఎగసిన దళిత ఉద్యమం, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా డప్పును అవమానపు గుర్తు నుంచి ఆత్మగౌరవ పతాకగా మార్చాయి. క్లౌ నడిచిన జిల్లాలోనే, ‘జీసస్ ఫ్రీక్’కు ఏడాది ముందే ఇది జరగడం గమనించదగినది. ఉద్యమ సభల్లో మళ్లీ భుజానికెక్కిన ఆ వాద్యం మెల్లగా క్రిస్మస్ ఊరేగింపుల్లోకీ, మట్టల ఆదివారపు నడకల్లోకీ వచ్చింది, అదీ అన్ని సంఘాల్లో కాదు. కొందరు కాపరులు ఆహ్వానిస్తారు, కొందరు వీధి దాకా ఒప్పుకుని వాకిట్లో ఆపేస్తారు.

ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగు క్రైస్తవ ర్యాప్ ఉంది, ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ముల బృందాలు ఉన్నాయి, ఏటా గుంటూరులో జరిగే గుడారాల పండుగ సభల నుంచి వచ్చే కొత్త పాటలు నెల తిరక్కుండా నంద్యాల, ప్రొద్దుటూరు మందిరాల్లో వినిపిస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఫోన్లలోకి ఎక్కాయి గాని, రాగం పేరు చూసి వరుస అందుకోగలిగినవారు ప్రతి సంఘంలోనూ తగ్గిపోతున్నారు. ఒకే కీర్తన ఒక్కో ఊళ్లో ఒక్కో వరుసలో నిలిచి ఉంది. వాటిని ఎరిగిన పాత భజన గురువులు 70, 80 ఏళ్ల పైబడినవారు. కొత్త పాటలకు స్టూడియోలు దొరుకుతున్న ఈ రోజుల్లో, ముత్యాలపాడు, కలసపాడు చుట్టుపక్కల ఇంకా మిగిలిన ఆ వరుసలను ఊరి పేరుతో, పాడినవారి పేరుతో రికార్డు చేయించే పనికి సీమ సంఘాలు ఇంకా పూనుకోవలసే ఉంది.