స్థిరత్వ మరియు వృద్ధి ఒప్పందం

స్థిరత్వ మరియు వృద్ధి ఒప్పందం అనేది ఐరోపా సమాఖ్య సభ్యదేశాలు తమ ప్రభుత్వ ఖర్చును, అప్పును హద్దులలో ఉంచుకోవడానికి 1997లో ఏర్పరచుకున్న నియమావళి. దీని ప్రకారం ఏ సభ్యదేశపు వార్షిక బడ్జెటు లోటైనా ఆ దేశ స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతాన్ని, మొత్తం ప్రభుత్వ ఋణం 60 శాతాన్ని మించరాదు. యూరో కరెన్సీకి ఇది ఒక పునాదిగా పరిగణించబడుతున్నది. వాతావరణ మార్పును ఎదుర్కొనడానికి పెట్టే పెట్టుబడులను కూడా మామూలు ఖర్చుతో సమానంగా లెక్కించాలా, లేక వాటికి మినహాయింపు ఇవ్వాలా అన్నది ఈ ఒప్పందం చుట్టూ సాగుతున్న ముఖ్య వివాదాలలో ఒకటి.

నేపథ్యం

1992 ఫిబ్రవరి 7న నెదర్లాండ్స్ లోని మాస్ట్రిక్ట్ నగరంలో కుదిరిన ఒడంబడిక ఉమ్మడి కరెన్సీకి మార్గం వేసింది. 3 శాతం, 60 శాతం హద్దులు మొదట కనిపించేది అందులోనే. ఉమ్మడి కరెన్సీలో ఒక చిక్కు ఉన్నది. వడ్డీరేట్లను నిర్ణయించేది ఫ్రాంక్‌ఫర్ట్ లోని ఐరోపా కేంద్ర బ్యాంకు ఒక్కటే. పన్నులు వేయడం, ఖర్చు పెట్టడం మాత్రం ఏ దేశానికి ఆ దేశ ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఒక దేశం మితిమీరి అప్పు చేస్తే దాని భారం మిగిలిన దేశాల ప్రజలపై కూడా పడే అవకాశం ఉన్నది.

ఈ భయంతోనే 1995లో అప్పటి జర్మనీ ఆర్థికమంత్రి థియో వైగెల్ కఠినమైన స్థిరత్వ ఒప్పందాన్ని ప్రతిపాదించాడు. పొదుపు ఒక్కటే లక్ష్యం కారాదని ఫ్రాన్సు పట్టుబట్టడంతో పేరులో "వృద్ధి" అనే మాట కూడా చేరింది. 1997 జూన్ లో ఆమ్‌స్టర్‌డాంలో జరిగిన శిఖరాగ్ర సమావేశం దీనిని ఆమోదించింది. 1999 జనవరి 1న 11 దేశాలలో యూరో మొదలైన నాటి నుండి ఒప్పందం పూర్తిగా అమలులోకి వచ్చింది.

అంకెల వెనుక లెక్క

ఒక దేశపు ఉత్పత్తి విలువ, ధరల పెరుగుదలతో కలుపుకొని, ఏటా 5 శాతం చొప్పున పెరుగుతూ, లోటు 3 శాతం వద్ద నిలిస్తే ఋణం కాలక్రమంలో ఉత్పత్తిలో సుమారు 60 శాతం వద్ద స్థిరపడుతుంది. పెరుగుదల 3 శాతానికి తగ్గితే అదే లోటుతో ఋణం 100 శాతం దాకా పోతుంది. ఆ తరువాతి కాలంలో అనేక ఐరోపా దేశాల వృద్ధి మందగించినా హద్దులు మాత్రం మారలేదు. 2024 చివరినాటికి ప్రభుత్వ ఋణం గ్రీసులో సుమారు 154 శాతం, ఇటలీలో 135 శాతం, ఫ్రాన్సులో 113 శాతం ఉండగా ఎస్టోనియాలో 24 శాతం మాత్రమే ఉన్నది.

అమలు మరియు ఉల్లంఘనలు

హద్దు దాటిన దేశంపై ఐరోపా కమిషన్ సిఫారసు మేరకు "మితిమీరిన లోటు" చర్య మొదలవుతుంది. లోటును సరిదిద్దుకోని యూరో దేశాలకు చివరకు జరిమానా విధించవచ్చు. 2002లో మొదటిసారిగా పోర్చుగల్ పై ఈ చర్య ప్రారంభమైంది. 2003 నవంబరులో జర్మనీ, ఫ్రాన్సులపై చర్యను తరువాతి దశకు తీసుకువెళ్ళవలసి వచ్చినపుడు ఆర్థికమంత్రుల మండలి దానిని నిలిపివేసింది. మండలి నిర్ణయాన్ని ఐరోపా న్యాయస్థానం 2004 జూలైలో కొట్టివేసింది. చిన్న దేశాలకు ఒక న్యాయం, పెద్ద దేశాలకు మరొక న్యాయం అన్న విమర్శ అప్పటి నుండి ఉన్నది. 2016లో స్పెయిన్, పోర్చుగల్ లకు విధించవలసిన జరిమానాను సున్నాగా నిర్ణయించారు. లోటు మితిమీరినందుకు ఇంతవరకు ఏ దేశం నుండీ జరిమానా వసూలు కాలేదు.

2009లో గ్రీసు తన లోటు అంతకుముందు ప్రకటించిన దానికంటే చాలా ఎక్కువని వెల్లడించడంతో ఋణ సంక్షోభం మొదలైంది. దాని ఫలితంగా 2011, 2013 సంవత్సరాలలో నియమాలను మరింత కఠినతరం చేశారు. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో నియమాలను తాత్కాలికంగా సడలించారు. ఈ సడలింపు 2023 చివరి వరకు కొనసాగింది.

వడ్డీరేట్ల ప్రభావం

అప్పు ఎంత ఉన్నదన్నదే కాక దానిపై వడ్డీ ఎంత అన్నది కూడా ముఖ్యమే. ఐరోపా కేంద్ర బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం 2 శాతం. 2022 అక్టోబరులో యూరో ప్రాంతపు ద్రవ్యోల్బణం 10.6 శాతానికి చేరింది. ఉక్రెయిన్ యుద్ధం వలన సహజవాయువు ధరలు పెరగడం దీనికి ఒక ముఖ్య కారణం. బ్యాంకు తన డిపాజిట్ వడ్డీరేటును 2022 జూలైకి ముందున్న మైనస్ 0.5 శాతం నుండి 2023 సెప్టెంబరు నాటికి 4 శాతానికి పెంచింది. 2024 జూన్ నుండి తగ్గిస్తూ 2025 జూన్ లో 2 శాతానికి తెచ్చింది. గాలిమరలు, సౌరవిద్యుత్ కేంద్రాలకు ఖర్చంతా దాదాపుగా నిర్మాణ సమయంలోనే అవుతుంది. అందువలన వడ్డీరేట్లు పెరిగినపుడు గ్యాస్ కేంద్రాల కంటే వీటిపైనే భారం ఎక్కువగా పడుతుంది.

వాతావరణ పెట్టుబడుల వివాదం

2021 నాటి ఐరోపా వాతావరణ చట్టం ప్రకారం హరితగృహ వాయువుల నికర ఉద్గారాలను 1990తో పోలిస్తే 2030 నాటికి కనీసం 55 శాతం తగ్గించాలి. 2050 నాటికి అవి నికరంగా సున్నాకు చేరాలి. ఐరోపా పోటీతత్వంపై మారియో ద్రాగీ 2024 సెప్టెంబరులో సమర్పించిన నివేదిక పర్యావరణం, సాంకేతికత, రక్షణ మొదలైన అవసరాలన్నిటికీ కలిపి ఏటా అదనంగా 75,000 నుండి 80,000 కోట్ల యూరోల పెట్టుబడి కావాలని అంచనా వేసింది.

పర్యావరణ పెట్టుబడులను లోటు లెక్క నుండి మినహాయించాలని కొందరు ఆర్థికవేత్తలు వాదిస్తున్నారు. రైలుమార్గం, విద్యుత్ తీగల వంటి వాటి ప్రయోజనం రాబోయే తరాలకు కూడా అందుతుంది కనుక ఖర్చంతటినీ నేటి పన్నుల నుండే రాబట్టడం సరికాదని వారి అభిప్రాయం. పెట్టుబడి ఆలస్యమైతే వరదలు, కరువుల రూపంలో ప్రభుత్వాలపై మరింత భారం పడుతుందని కూడా అంటారు. మినహాయింపు ఇస్తే ప్రతి ఖర్చుకూ "హరిత" ముద్ర వేస్తారని, ఏ కారణంతో చేసిన అప్పైనా తీర్చవలసినదేనని పొదుపును సమర్థించేవారు బదులిస్తారు.

జాతీయ స్థాయిలో ఇటువంటి వివాదమే జర్మనీలో 2023లో తలెత్తింది. కోవిడ్ కోసం అనుమతించిన 6,000 కోట్ల యూరోల అప్పును వాతావరణ నిధికి మళ్ళించడం చెల్లదని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2023 నవంబరు 15న తీర్పు చెప్పింది. 2025 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించి 50,000 కోట్ల యూరోల మౌలిక సదుపాయాల నిధిని ఏర్పాటు చేశారు. అందులో 10,000 కోట్లు వాతావరణ నిధికి కేటాయించారు.

2024 సంస్కరణ

2024 ఏప్రిల్ 30న అమలులోకి వచ్చిన కొత్త నియమాల ప్రకారం ప్రతి దేశం తన నికర ఖర్చుకు నాలుగేళ్ళ ప్రణాళికను సమర్పించాలి. సంస్కరణలకు, పెట్టుబడులకు హామీ ఇస్తే గడువు ఏడేళ్ళకు పెరుగుతుంది. హామీలలో పర్యావరణ పరివర్తన కూడా ఒకటి. సమాఖ్య నిధులతో నడిచే పథకాలలో దేశం భరించే వాటాను నికర ఖర్చులో లెక్కించరు. పర్యావరణ పెట్టుబడులకు ప్రత్యేక మినహాయింపు మాత్రం లభించలేదు. 3 శాతం, 60 శాతం హద్దులు యథాతథంగా ఉన్నాయి.

రక్షణ ఖర్చు విషయంలో నిర్ణయం వేరుగా జరిగింది. 2025 మార్చిలో కమిషన్ రక్షణ కోసం దేశీయోత్పత్తిలో 1.5 శాతం వరకు అదనపు ఖర్చును నాలుగేళ్ళపాటు అనుమతించాలని ప్రతిపాదించింది. జూలైలో మండలి 15 దేశాలకు ఈ వెసులుబాటు కల్పించింది. ఆయుధాలకు దొరికిన సడలింపు వాతావరణానికి ఎందుకు దొరకలేదన్న ప్రశ్న దీనితో ముందుకు వచ్చింది. కోవిడ్ తరువాత ఉమ్మడి అప్పుతో ఏర్పడిన పునరుద్ధరణ నిధిలో ప్రతి దేశం కనీసం 37 శాతాన్ని వాతావరణ లక్ష్యాలకు కేటాయించాలన్న నియమం ఉండేది. ఆ నిధి చెల్లింపులకు 2026 చివరి వరకే గడువు ఉండడం వలన ఈ ప్రశ్నకు ప్రాధాన్యత పెరిగింది.