ఇంత్రూజ్ (గోవా కార్నివాల్)

తపస్సుకాలం మొదలవడానికి ముందు గోవా కథోలికులు జరుపుకొనే కార్నివాల్‌కు కొంకణి పేరు ఇంత్రూజ్. ఇది విభూది బుధవారానికి ముందటి శనివారం మొదలై మంగళవారంతో ముగుస్తుంది. ఈస్టర్‌ను బట్టి తేదీలు మారుతుంటాయి. ఆఖరి రోజు మాత్రం ఫిబ్రవరి 3కు ముందు గానీ మార్చి 9 దాటి గానీ రాదు. విభూది బుధవారం తెలుగు కథోలికులకు బాగా తెలిసినదే అయినా, దాని ముందరి ఈ సందడి వారి ఆచారాల్లో లేదు.

పోర్చుగీసువారి ‘ఎంత్రూదు’ నుంచి ఈ పేరు వచ్చింది. దాని మూలం ప్రవేశమనే అర్థమున్న లాటిన్ మాట. ‘కార్నివాల్’ అన్న మాటకు ‘మాంసమా, సెలవు’ అని చెప్పే అర్థం వినసొంపుగా ఉంటుంది గానీ, మాంసం మానివేయడమనే అర్థమే ఎక్కువమంది భాషావేత్తలకు సమ్మతం. పండుగను రోమనుల సాటర్నాలియా దాకా తీసుకువెళ్లేవారూ ఉన్నారు. యజమాని, సేవకుడు తలకిందులయ్యే వేడుక రెండింటిలోనూ కనిపిస్తుంది. అంతమాత్రాన మధ్యలోని శతాబ్దాలను కలిపే గొలుసు దొరికినట్టు కాదు. నలభై రోజుల ఉపవాసానికి ముందు ఇంట్లోని మాంసం, కొవ్వు, గుడ్లు ఖర్చు చేసుకోవడం నుంచి మొదలుపెట్టడమే క్షేమం.

పోర్చుగీసు పాలన (1510–1961)తో గోవా చేరిన ఈ పండుగ మొదట్లో వీధి అల్లరే. పిండి నింపిన చిన్న కాగితపు పొట్లాలను ‘కొకోత్’లంటారు. వాటిని దారినపోయేవారిపై విసిరేవారు, రంగునీళ్లు చల్లేవారు. ఇది చదివి హోళీ గుర్తుకు రావడం సహజమే గానీ, పోర్చుగల్ ఎంత్రూదులోనూ పిండి, నీళ్లు ఉన్నాయి. కలిగినవారి ఇళ్లలో విందులు, నాట్యాలు వేరుగా సాగేవి.

నేడు పణజిలో కనిపించే శకటాల ఊరేగింపు అంత పాతది కాదు. పోర్చుగీసు పాలన చివరి దశలో చల్లబడిన వేడుకను 1965లో తిమొతియో ఫెర్నాండెస్ రియో నగరపు తరహాలో మళ్లీ నిలబెట్టాడని సాధారణంగా చెబుతారు. శనివారం ‘మోమో రాజు’ ఊరేగుతూ తినండి, తాగండి, మజా చెయ్యండి అని శాసనం వినిపిస్తాడు. మోమో పేరు గ్రీకుల పరిహాస దేవత మోమస్‌ది. మడ్గావ్, మాపుసా, వాస్కో పట్టణాల్లోనూ ఊరేగింపులు జరుగుతాయి. ఇవి పర్యాటకుల కోసమేనని, ప్రకటనల బండ్లు ఎక్కువయ్యాయని స్థానికులు అనడం కొత్త కాదు.

పాత ఇంత్రూజ్ చూడాలంటే సాష్టి (సాల్సెట్) తాలూకా పల్లెలకు వెళ్లాలి. అక్కడ ‘ఖెళ్’ బృందాలు వాడవాడకూ తిరిగి ఇళ్ల ముంగిట్లో పాటలతో కూడిన చిన్న నాటికలు ఆడేవి. ఆడ వేషాలూ మగవారే కట్టేవారు. ఊరి పెద్దల మీద వ్యంగ్యం తప్పనిసరి. తర్వాత ఇవి ‘ఖెళ్ తియాత్ర్’గా వేదికకెక్కాయి.

వీటన్నింటిలో విలక్షణమైనది చాందోర్ గ్రామపు ‘ముసళ్ ఖెళ్’. కార్నివాల్ సోమవారం రాత్రి క్షత్రియ మూలాలు చెప్పుకొనే చార్దో కుటుంబాల మగవారు పొడవాటి రోకళ్లు పట్టి, పాటకు తగ్గట్టు వాటిని నేలకు దంచుతూ ఆడతారు. ముసళ్ అంటే మన ముసలమే. తోడుగా మోగే ఘుమట్ కుండకు తోలు బిగించిన వాద్యం, బుర్రకథ గుమ్మెటకు చుట్టం. చాందోర్ ఒకప్పటి చంద్రపురం, గోవా కదంబుల రాజధాని. ఆడేవారు క్రైస్తవులైనా ఆట మాత్రం మతమార్పిడులకు ముందటిదనే అభిప్రాయం బలంగా ఉంది.

చోళులపై విజయనగరపు హరిహరుడి గెలుపును ఈ ఆట తలచుకుంటుందని, అది 1310లో జరిగిందని పలు రచనల్లో కనిపిస్తుంది. ఆ సంవత్సరం కుదరదు. విజయనగర స్థాపన 1336 ప్రాంతం, చోళ వంశం 1279 నాటికే అంతరించింది. పాటలోని హరిహరుడు బుక్కరాయల కొడుకన్న కథనం ప్రకారం అతడు రెండో హరిహరుడు (1377–1404) కావాలి. బహమనీల నుంచి గోవా విజయనగరం చేతికొచ్చింది ఇంచుమించు అతని కాలంలోనే. కాబట్టి ‘చోళులు’ అన్నది తర్వాతి నోళ్లలో చేరిన పేరై ఉండవచ్చు.